జారిన భుజము

మానవశరీరమునందలి కీళ్ళలో భుజపుకీలునకున్నంత స్వేచ్ఛ మరి దేనికిని లేదు. మోకాలు తలుపుబందువలె ఒకే త్రోవను వంగి, ఆ త్రోవనే చాగును. తుంటికీలు నలువైపుల తిరుగునుగాని దానికి లోతైన గిన్నె యొకటి కలదు. తొడయెముక తల ఆ గిన్నెలో మునిగి భద్రముగ నుండును. భుజము సంగతి వేరు. చూరులో చెక్కిన కొడవలిని అందుకొనుటకు చేయి పైకి పోవును. వీపు గోకుకొనుటకు వెనుకకు మడగును. వడిసెల త్రిప్పునప్పుడు చక్రమువలె తిరుగును. ఇన్ని విధముల తిరుగుటకై ఈ కీలు తన భద్రతను చాలవరకు వదలుకొన్నది.

రెక్కయెముక మూలనున్న గుంట మిక్కిలి చిన్నది, లోతు లేనిది. దండచేతి యెముక తల దానికంటె ఎంతో పెద్దది. ప్రమిదపై బత్తాయిపండు నిలిపినట్లుండునని చెప్పవచ్చును. ఏ క్షణమున చూచినను ఆ పండులో మూడవవంతునకు మించి ప్రమిదకు ఆనియుండదు. అది దొర్లిపోకుండ ప్రకృతి చేసిన ఏర్పాటు చూడదగినది. గుంట అంచుచుట్టును నారలతోను మృదులాస్థితోను ఏర్పడిన వలయ మొకటి కలదు. దీనిని వైద్యులు లేబ్రమ్ అందురు. వరిమడికి గట్టు ఎట్టిదో గుంటకు ఈ వలయ మట్టిది. గుంటలోతులో దాదాపు సగము ఈ గట్టువలననే ఏర్పడుచున్నది. అంతేకాదు, ఎముకతలను సంచివలె చుట్టుకొనియుండు పొరయు, దానిలోని బలమైన బంధనములును ఈ గట్టునే పట్టుకొని యున్నవి. గట్టు ఊడినచో బంధనములు కూడ పట్టు తప్పును.

ఈ గట్టునకు గండి పడినప్పుడు ఏమగును, ఆ గండిని పూడ్చుటను వైద్యులు ఎట్లు నేర్చుకొనిరి, ఆ విద్యకు సైనికుల భుజములు ఎట్లు పాఠశాల లైనవి - ఇదియే మేము ఇక్కడ చెప్పదలచిన కథ.

భుజము జారుట మన ఇండ్లలో ఎరుగని సంగతి కాదు. చెట్టుపైనుండి పడినవాడు, ఎద్దు విదిలించినవాడు, కబడ్డీలో నలుగురి క్రింద నలిగినవాడు చేయి వ్రేలవేసికొని కట్టు కట్టువారి యొద్దకు పోవుట మనము చూచినదే. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. అయితే జారిన యెముకను గూటిలోనికి త్రోయుట ఒక విద్య. అది మరల జారకుండ చేయుట వేరొక విద్య. మొదటిదానిని ప్రాచీనులు బాగుగ నెరుగుదురు. రెండవది నూరేండ్ల క్రిందటివరకు లోకమున కెవ్వరికిని సరిగా పట్టుపడలేదు.

మన సుశ్రుతసంహిత కీలు తప్పుటను సంధిముక్తమని పేర్కొని, దానిని ఆరు విధములుగ విభజించినది. భుజము తప్పినచో చంకలో రోకలి నిలిపి పైకెత్తవలెననియు, కీలు స్వస్థానమునకు వచ్చిన పిదప స్వస్తికాకారముగ కట్టు కట్టవలెననియు విధించినది. రోకలి లేని ఇల్లు లేని దినము లవి. వైద్యుడు పనిముట్టు వెదకుకొనవలసిన పని లేకపోయెను. గ్రీకుదేశమున హిపొక్రటీసు పేర వెలసిన గ్రంథములలో కీళ్ళనుగూర్చినది యొకటి కలదు. అందు రోగిని పరుండబెట్టి, చంకలో మడమ మోపి చేతిని లాగు పద్ధతి వర్ణింపబడినది. ఆ గ్రంథకర్త మరియొక మాట కూడ చెప్పెను. భుజము పలుమారు జారుటచే కుస్తీగోదాకు దూరమైనవారును, యుద్ధమున ఆయుధము సరిగా పట్టజాలక ప్రాణము పోగొట్టుకొన్నవారును పెక్కుమంది కలరట. సైనికుని భుజము వైద్యునికి చింత కలిగించుట నేడు క్రొత్తగ పుట్టినది కాదన్నమాట.

దానికి ఆయన చెప్పిన మందు మాత్రము వినుటకే ఒడలు జలదరించును. ఇనుపకడ్డీలను ఎర్రగ కాల్చి చంకలోని చర్మమును మడతపట్టి కాల్చవలెను. పుండు మానునప్పుడు గట్టిపడిన మచ్చ ఏర్పడి, ఎముకతల దిగుచోటు ముడుచుకొని పోవునని ఆయన తలంపు. భుజము పైనను ముందును కాల్చు వైద్యులను ఆయన తప్పుపట్టెను. అట్లు చేసినచో తల చంకలోనికి మరింత సులువుగ దిగునని హెచ్చరించెను. కాల్పు క్రూరమే కాని, ఆ తర్కము క్రూరము కాదు. ఏ వైపున తల బయటికి పోవుచున్నదో ఆ వైపున అడ్డు కట్టవలెనని ఆయన గ్రహించెను. అడ్డు అప్పటికే అక్కడ నొకటి యుండి తెగిపోయినదని మాత్రము ఆయనకు తెలియలేదు.

ఆ సంగతి తెలియుటకు కీలును తెరచి చూడవలెను. బ్రదికియున్నవాని కీలును తెరచు ధైర్యము మత్తుమందును, క్రిమినాశక పద్ధతులును వచ్చువరకు వైద్యులకు కలుగలేదు. 1870లో స్విట్జర్లండు శస్త్రవైద్యుడు థియొడోర్ కోఖర్ చేతిని క్రమముగ త్రిప్పి భుజమును లోనికి పంపు పద్ధతిని ప్రకటించెను. అదియు లోనికి పంపుటయే. ఫ్రాన్సులో బ్రోకా, హార్ట్‌మన్ అనువారు 1890లో గుంట అంచువద్ద పొర ఊడియుండుటను వర్ణించిరి. జర్మనీదేశమున పెర్థెస్ 1906లో ఊడినదానిని తిరిగి యెముకకు అతికించి చూపెను. కాని వీరి మాట లోకము చెవికెక్కలేదు. భుజము పలుమారు జారుచున్నదనగా సంచి వదులై పోయినదనియే తక్కినవారందరు నమ్మి, ఆ సంచిని మడతలుపెట్టి కుట్టుచుండిరి. వదులైన చొక్కాను దర్జీ బిగించినట్లే ఇదియును.

లండనులోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఆర్థర్ సిడ్నీ బ్లండెల్ బాంకార్ట్ అను శస్త్రవైద్యుడుండెను. 1879లో పుట్టి 1951లో మరణించిన ఈయన పేరు నేడు ప్రపంచమున ఎముకల వైద్యు లున్నచోట నెల్ల వినబడును. ఆయన తొలుత శస్త్రచికిత్స చేసిన రోగి వేరెవ్వరో కాదు, ఒకప్పుడు తనకడ పనిచేసిన యువవైద్యుడే. ఆ యువకుని భుజము మాటిమాటికి జారుచుండెను. బాంకార్ట్ కూడ అందరివలె సంచిని మడచి కుట్టవలెనను ఉద్దేశముతోనే కత్తి పట్టెను. తీరా కీలు తెరచి చూడగా సంచి వదులుగ లేదు. మడచుటకు అందు మిగులుబట్ట యేమియు లేదు. గుంట ముందటి అంచున గట్టు మాత్రము ఎముకనుండి ఊడి విడిగా నుండెను. చేయి త్రిప్పిన కొలది ఎముకతల ఆ గండిలోనుండి యథేచ్ఛగ బయటికి పోవుచుండెను.

తాను వెదకినది కనబడనప్పుడు కనబడినదానిని నమ్ముట అందరికి సాధ్యముకాదు. బాంకార్ట్ నమ్మెను. సంచిని మడచు ఆలోచన మానుకొని, గుంట అంచున రంధ్రములు చేసి, ఊడిన గట్టును ఆ అంచునకే కుట్టివేసెను. 1923లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు నలుగురు రోగుల వృత్తాంతముతో తన మతమును వెల్లడించెను. ఆయన వాదము నేటికిని చదువుటకు ముచ్చటగ నుండును. మెత్తని పొర చినిగినచో అది తనంత తానే మానును. అందుచేత పెక్కుమందికి భుజము ఒకసారి జారినను మరల జారదు. కాని మృదులాస్థి ఎముకనుండి వేరుపడినచో రెండును తిరిగి కలియవు. అప్పుడు ఎన్ని వారములు కట్టు కట్టియుంచినను ప్రయోజనముండదు. 1938లో ఇరువదియేడుగురు రోగులకు వరుసగ ఇట్లు చేసితిననియు, వారిలో ఒక్కరికిని భుజము మరల జారలేదనియు ఆయన ప్రకటించెను. పెర్థెస్ ముందే చెప్పినను ఈ గండికి బాంకార్ట్ పేరే నిలిచినది. చరిత్రలో ఇట్టి అన్యాయములు కొల్లలు. మేము దానిని ఇప్పుడు సరిదిద్దలేము.

అయినను బాంకార్ట్ శస్త్రచికిత్స వెంటనే లోకమును గెలువలేదు. అది కష్టమైన పని. ముందున్న కండరమును కోసి, ఇరుకైన లోతులో ఎముక అంచునకు రంధ్రములు చేయవలెను. అందుచే సులభమైన త్రోవలు వెదకినవారు పెక్కుమంది. అమెరికాలో నికోలా 1929లో దండకండరపు తాడునే ఎముకతలలో దూర్చి పగ్గముగ వాడెను. అది కొన్నేండ్లు మిక్కిలి వాడుకలో నుండి, పగ్గము తెగి భుజములు మరల జారుటచే మూలబడెను. ఇటలీలో పుట్టియు, ఇంగ్లండులో హారీ ప్లాట్టును వేరువేరుగ చేసిన పద్ధతిలో ముందటి కండరమును పొట్టిచేసి బిగించుదురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున రాయల్ ఎయిర్ ఫోర్సునకు ఎముకల వైద్యమున సలహాదారుగ నుండిన ఆస్మండ్-క్లార్క్ 1948లో దీనిని వర్ణించుటతో ఇది దేశదేశముల ఆసుపత్రులకు ప్రాకెను.

బిగించిన భుజము జారదు, నిజమే. కాని దానికి వెల చెల్లింపవలెను. చేయి బయటివైపునకు తిరుగదు. గుండు విసరువాడును, త్రాడు పట్టి గోడ నెక్కువాడును చేతిని వెనుకకు త్రిప్పవలెను గదా! ఆ త్రిప్పుటయే పోయినచో భుజము గూటిలో నున్న ఫలమేమి? ఏండ్లు గడచిన కొలది ఎముకతల వెనుకకు ఒత్తుకొని కీలు అరిగి, కీళ్ళవాతము పుట్టుటయు వైద్యులు కనుగొనిరి. తెగిన గట్టును వదలి మడిచుట్టు గోడ కట్టినట్లయినది.

ఇక్కడ మరియొక త్రోవనుగూర్చి ఒక మాట చెప్పి ముందుకు పోవుదుము. 1954లో ఫ్రాన్సులోని లియోన్ నగరవాసి మిషెల్ లతార్జే రెక్కయెముకకు ముందున్న కాకిముక్కువంటి కొనను కోసి, దానిని తెచ్చి గుంట అంచున మరతో బిగించెను. 1958లో హెల్ఫెట్ ఇటువంటిదానినే తన గురువు బ్రిస్టో పేర ప్రకటించెను. ఆ బ్రిస్టో యుద్ధకాలమున బ్రిటిష్ సైన్యమునకు ఎముకల వైద్యమున సలహాదారు. ఈ ఎముకముక్క సంగతి మరల రాగలదు.

ఇంతవరకు అందరును చర్చించినది ఎట్లు కుట్టవలెనను ప్రశ్న. ఎప్పుడు కుట్టవలెనను ప్రశ్న దానికంటె కఠినము. భుజము మొదటిసారి జారినవానిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు వైద్యుడు చేయి గూటిలో పెట్టి, మూడు వారములు జోలెకట్టు కట్టి, పిదప వ్యాయామములు నేర్పి పంపును. మరల జారినచో చూతమనును. ఇది శతాబ్దముల ఆచారము. ఇది ఎవరికి చాలును, ఎవరికి చాలదు? బోస్టనునగర వైద్యుడు కార్టర్ రో 1956లో అయిదువందల భుజముల చరిత్రను ప్రకటించి దీనికి సగము సమాధానము చెప్పెను. ఇరువదియేండ్లలోపు వారిలో నూటికి 83 మందికి భుజము మరల జారినది. నలుబది దాటినవారిలో నూటికి 16 మందికే అట్లయినది. ముసలితనము మేలుచేయు విషయము ఇదియొక్కటియే కాబోలు.

మిగిలిన సగము సమాధానము సైన్యమునుండి రావలసియుండెను. దానికి ముందు పనిముట్టు ఒకటి సిద్ధము కావలెను. 1918లో టోక్యోనగరమున కెంజీ తకాగీ అను వైద్యుడు మూత్రాశయమును చూచు గొట్టమును శవము మోకాలిలో దూర్చి లోపలి భాగము చూచెను. 1931లో న్యూయార్కునందు బర్మన్ శవముల కీళ్ళనెన్నింటినో ఇట్లే పరీక్షించెను; వానిలో భుజములు కూడ నుండెను. తకాగీ శిష్యుడు మసాకీ వతనబే 1950ల చివర తన ఇరువదియొకటవ నమూనా చూపుగొట్టమును తయారుచేయుటతో ఆర్థ్రోస్కోపు నిజముగ వైద్యుని చేతిపనిముట్టైనది. చిటికెనవ్రేలికంటె సన్నని గొట్టము, దాని కొనను దీపము, పిదపపిదప చిన్న కెమేరా. కీలును కోసి తెరువక రెండుమూడు చిన్న రంధ్రములనుండియే లోపల పని చేయవచ్చును. 1980ల ఆరంభమున అమెరికాలో లానీ జాన్సన్ ఈ త్రోవనే లోహపు కొక్కెములు దించి ఊడిన గట్టును ఎముకకు బిగించెను. ఆ కొక్కెములు ఒక్కొక్కప్పుడు వదులై కీలును గీచివేసెను. పిదప గుంటయెముకగుండ దారము దూర్చి వీపువైపున ముడివేయు పద్ధతి వచ్చెను. 1990 ప్రాంతమున చిన్న లంగరులు వచ్చెను. దారముతో కూడిన ఈ లంగరును ఎముక అంచున దిగవేసి, ఆ దారముతో గట్టును బిగించి కుట్టుదురు. నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది ఇదియే. బాంకార్ట్ చేసిన పనినే చిన్న రంధ్రములనుండి చేయుచున్నారని చెప్పిన సరిపోవును.

అమెరికాలో హడ్సను నదీతీరమున వెస్ట్ పాయింట్ అను చోట 1802లో నెలకొల్పిన సైనికకళాశాల కలదు. నాలుగు వేలకుమించిన కాడెట్లు అక్కడ నాలుగేండ్లు చదువుదురు. అందరును ఇంచుమించు ఒకే వయసువారు. అందరును ఒకే ఆసుపత్రికి పోవలసినవారు. ముష్టియుద్ధము, కుస్తీ, రగ్బీ వారి దినచర్యలోనివి. భుజము జారినవానిని వైద్యుడు మరుదినమును చూడవచ్చును, మరుసంవత్సరమును చూడవచ్చును. నగరమునందలి ఆసుపత్రిలో రోగి కట్టు విప్పించుకొని పోయినచో మరల కనబడడు. ఇక్కడ ఎక్కడికిని పోవుటకు వీలులేదు. వైద్యశాస్త్రమునకు ఇంతకంటె అనుకూలమైన చోటు దొరకుట కష్టము. కాడెట్టునకు మాత్రము ఇది జీవనసమస్య. భుజము మాటిమాటికి జారుచున్నచో పట్టాతోపాటు సైన్యమున అధికారపదవి దొరకునో లేదో సందేహము.

ఆ భుజములు ఎంత తరచుగ జారునో పిదప ఒవెన్స్ అను సైనికవైద్యుడు తన సహచరులతో కలిసి లెక్కించెను. ఒక విద్యాసంవత్సరమునందలి తొమ్మిది నెలలలో 4,141 మంది కాడెట్లలో 117 మందికి భుజము పట్టు తప్పినది. అందు పూర్తిగ జారినవి 18 మాత్రమే. తక్కిన 99 సగము జారి తమంత తామే లోనికి పోయినవి. 2007లో ప్రకటించిన ఈ లెక్క చదివి మేము ఆశ్చర్యపడితిమి. సగము జారిన భుజమును ఎవ్వడును ఆసుపత్రికి తీసికొనిపోడు. విదిలించుకొని మరల ఆటలోనికి దిగును. గట్టు మాత్రము అందును తెగవచ్చును.

వెస్ట్ పాయింటులో వీలర్, రయన్, ఆర్సియెరో అను వైద్యులు 1989లో తమ మొదటి ఫలితములను ప్రకటించిరి. కట్టుతోను వ్యాయామముతోను చూచిన 38 మందిలో నూటికి 92 వంతున భుజము మరల జారినది. మొదటిసారి జారినపుడే ఆర్థ్రోస్కోపుతో బాగుచేసిన తొమ్మండుగురిలో ఇద్దరికి మాత్రమే అట్లయినది. 1994లో వారే మరల 36 మంది వృత్తాంతము వెల్లడించిరి. కట్టు మాత్రమే కట్టిన పదునైదుగురిలో పండ్రెండుగురికి భుజము మరల జారినది. కుట్టిన ఇరువదియొక్కరిలో ముగ్గురికి జారినది. 1997లో టేలర్, ఆర్సియెరో మొదటిసారి జారిన 63 భుజములలోనికి చూపుగొట్టముతో చూడగా 61 భుజములలో గట్టు ఊడియుండెను. డెబ్బదియేండ్లకు మునుపు లండనులో ఒక భుజమును తెరచి బాంకార్ట్ చెప్పిన మాటకు ఇంతకంటె గట్టి సాక్ష్యము వేరొకటి యేమి కావలెను?

విమర్శకులు ఊరకుండలేదు; ఉండకపోవుట మంచిదే. ఈ పరీక్షలలో ఎవరికి ఏ చికిత్స అన్నది చీట్లు వేసి నిర్ణయించినది కాదు. శస్త్రచికిత్స కోరుకొన్నవాడు స్వభావముచేతనే జాగ్రత్తపరుడై యుండవచ్చును. ఈ ఆక్షేపణ తీర్చుటకు హవాయి దీవులలోని ట్రిప్లర్ సైనికాసుపత్రియందు బొట్టోని మొదలగువారు 24 మంది సైనికులను చీట్లు వేసినట్లు రెండుగుంపులుగ పంచిరి. 2002లో వారు ప్రకటించిన ఫలిత మిది: కట్టు కట్టి చివరివరకు గమనించిన పండ్రెండుగురిలో తొమ్మండుగురికి భుజము మరల జారినది, కుట్టిన తొమ్మండుగురిలో ఒక్కనికి. గుంపు చిన్నదే, కాని అంతరము చిన్నది కాదు.

అయినను ఒక్క మాట మరువరాదు. స్వీడను దేశమున హొవేలియస్ 1978 మొదలుకొని సామాన్య ప్రజల భుజములను ఇరువదియైదేండ్లు వెంబడించి చూచెను. శస్త్రచికిత్స లేకయే, ఇరువదియైదేండ్లలోపు వయసున భుజము జారినవారిలో దాదాపు సగముమందికి మరల జారలేదు, లేక కాలక్రమమున అదియే కుదుటబడినది. అంగడిలో కూర్చుండువాని భుజమును, గోడ లెక్కువాని భుజమును ఒకటి కావు. ఇంటనున్న పిల్లవాని భుజము ఒకసారి జారినంతనే వెస్ట్ పాయింటు లెక్కలు చూపి శస్త్రచికిత్స కోరువారు ఈ స్వీడను లెక్కలను కూడ చదువవలెను. మా మట్టుకు మేము వానిని చదివిన పిదప, వైద్యుడు మొదట అడుగవలసినది భుజమునుగూర్చి కాదు, ఆ పిల్లవాడు ఏమి కాదలచుకొన్నాడని అనుకొంటిమి.

కుట్టు ఎంతకాలము నిలుచును? వెస్ట్ పాయింటులో తొలినాళ్ళ కుట్టు పడినవారిని సుమారు పండ్రెండేండ్ల పిదప మరల పిలిచి చూచిరి. ఏడుగురిలో ఒకనికి భుజము పూర్తిగ మరల జారియుండెను. ఏడుగురిలో ఒకనికి రెండవసారి శస్త్రచికిత్స కావలసి వచ్చినది. తక్కినవారిలో పెక్కుమంది అప్పటికిని ఆటలాడుచు, వ్యాయామము చేయుచు నుండిరి. సగము జారుట మాత్రము కొందరిని వదలలేదు.

గట్టు ముందటనే తెగవలెనను నియమము లేదు. సైనికుడు నేలకు చేతు లానించి వందలకొలది దండీలు తీయును. బరువు నెత్తిపై నెత్తును. ఎముకతల వెనుకకు ఒత్తుకొనును. అందుచే వెనుకవైపు గండ్లు సామాన్యులలోకంటె సైనికులలో ఎక్కువగ కనబడుచున్నవి. ఇక పైభాగమున దండకండరపు తాడు గట్టునకు అంటుకొను చోటు చినుగుట మరియొక రీతి. బంతి విసరువారిలో దీనిని 1985లో ఆండ్రూస్ గుర్తించెను. 1990లో స్నైడర్ దీనికి స్లాప్ అను పేరు పెట్టెను. పేరు పుట్టినది మొదలు వైద్యులు కనబడిన చినుగునెల్ల కుట్టసాగిరి. కొంతకాలమునకు సైన్యమే దీనికి కూడ లెక్క చెప్పెను. ప్రొవెంచర్ మొదలగువారు 2013లో ఇట్లు కుట్టిన 179 మంది సైనికుల ఫలితములను ప్రకటించిరి. వారిలో 66 మందికి అది విఫలమైనది. 50 మందికి మరల కత్తి పట్టవలసి వచ్చినది. ముప్పదియారు దాటినవారిలో వైఫల్యము ఎక్కువ. నేడు ఆ వయసువారికి గట్టును కుట్టుటకు బదులు తాడును విడదీసి క్రిందుగ అతికించు వైద్యులు అనేకులు. కనబడినది యెల్ల నొప్పికి కారణము కాదు. వయసు మీరిన భుజమున గట్టు అరిగి చినుగుట సహజము.

ముందటి గండికిని కుట్టు చాలని సందర్భమున్నది. భుజము జారినప్పుడెల్ల ఎముకతల గుంట అంచును కొంచెము కొంచెముగ అరగదీయును. తలకు వెనుకవైపున సొట్ట పడును. ఆ సొట్టను 1940లో హిల్, సాక్స్ అను ఎక్స్-రే వైద్యులు విస్తరించి వర్ణించిరి. గట్టు తెగినది వేరు, గట్టుక్రింది నేలయే కోసుకొనిపోయినది వేరు. 2000లో బర్క్‌హార్ట్, డి బీర్ అనువారు 194 కుట్లను పరీక్షించి చెప్పిన లెక్క వైద్యులను నిద్ర లేపినది. ఎముక నష్టము పెద్దగ లేనివారిలో నూటికి నలుగురికే భుజము మరల జారినది. ఎముక బాగుగ పోయినవారిలో నూటికి 67 మందికి జారినది. అంతట లియోన్ వైద్యుని 1954నాటి ఎముకముక్క మరల వెలుగులోనికి వచ్చెను. నేల పోయినచోట మరల నేల పోయవలెను గదా! నేడు గుంటలో ఎంత ఎముక పోయినదో సి.టి. చిత్రమున కొలిచిన తరువాతనే కుట్టా, ఎముకముక్కయా అని వైద్యులు నిర్ణయించుచున్నారు.

ఎంత పోయినచో కుట్టు చాలదు? అయిదవవంతు మొదలు నాలుగవవంతు వరకు పోయినచో అని చాలకాలము అనుకొనుచుండిరి. హవాయిలోని ట్రిప్లర్ ఆసుపత్రి వైద్యులు 72 మంది సైనికరోగుల గుంటలను కొలిచి 2015లో ప్రకటించిన వ్యాసమున ఆ హద్దును క్రిందికి దించిరి. నూటికి పదమూడున్నర వంతుల ఎముక పోయినవారిని వారు వేరుగ తీసి ప్రశ్నించిరి. వారిలో కొందరికి కుట్టిన పిదప భుజము ఒక్కసారియు జారలేదు. వైద్యుని పుస్తకమున అట్టివారు స్వస్థులే. కాని భుజము ఎట్లున్నదని అడిగినప్పుడు వారు వ్రాసి యిచ్చిన సమాధానములలో బాగుగనున్నదన్న మాట లేకపోయెను.